పల్లె వైద్యశాలలో మారిన పద్ధతులు – పెరటి వైద్యానికి హద్దులు

కృష్ణా మెట్ట ప్రాంతంలో, జగ్గయ్యపేటకు దక్షిణంగా, కృష్ణానదీ తీరాన వెలసిన వేదాద్రి పంచ నారసింహ క్షేత్రం. జ్వాలా, సాలగ్రామ, యోగానంద, లక్ష్మీ, వీర నారసింహ రూపాలలో స్వామి ఇక్కడ కొలువై ఉన్నాడని భక్తుల విశ్వాసం. ఆయురారోగ్యాలు కోరి మొక్కుకునేవారు జగ్గయ్యపేట, నందిగామ పరిసరాల నుండే కాక ఖమ్మం, నల్గొండ ప్రాంతాల నుండి కూడా ఇక్కడికి వస్తారు. చుట్టూ మిరప, పత్తి చేలు. ఒక పక్క మున్నేరు, మరొక పక్క పాలేరు. ఎగువన సున్నపురాతి గనులు, సిమెంటు కర్మాగారాలు. చిరకాలం కృష్ణా జిల్లాలో భాగమై ఉండి, 2022 ఏప్రిల్ 4న కొత్తగా ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో చేరిన ఈ సీమలో ఇంటికి కష్టం వచ్చినప్పుడు మూడు దిక్కులు ఉంటాయి. దైవానికి మొక్కు, పెరటిలోని మందు, ఊరిలోని వైద్యశాల.

ఈ మూడింటిలో ఏదీ మరొకదానికి శత్రువు కాదు. అయితే ఏది ముందు, ఏది తరువాత అన్న వివేకం మాత్రం కావాలి. శొంఠితో తగ్గే అజీర్తికి ఆసుపత్రికి పరుగెత్తనక్కరలేదు. కట్లపాము కరచినవానికి ఆకుపసరు పోస్తూ తెల్లవారేదాకా కూర్చుంటే ప్రాణమే పోతుంది. గడచిన కొన్ని సంవత్సరాలలో పల్లె వైద్యశాలల పనితీరులోను, అక్కడ అనుసరించే చికిత్సా విధానాలలోను ఎన్నో మార్పులు వచ్చాయి. వాటిలో చాలా భాగం ఇళ్లలో ఉండేవారికి తెలియవు. కొన్ని మన వైద్యులకు కూడా పూర్తిగా తెలిసి ఉండవు. ఆ మార్పులలో ప్రాణావసరమైన వాటిని, మన ఇంటి వైద్యంతో ముడిపడినవాటిని ఇక్కడ వివరిస్తున్నాము.

ఊరి వైద్యశాల స్వరూపం

పూర్వం ఉపకేంద్రం అంటే టీకాలు వేసే ఒక గది మాత్రమే. 2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఆయుష్మాన్ భారత్ కింద ఈ ఉపకేంద్రాలను ఆరోగ్య కేంద్రాలుగా తీర్చిదిద్దడం మొదలుపెట్టింది. 2023లో వీటికి ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని పేరు మార్చింది. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 2,500 మంది జనాభాకు ఒక గ్రామ వైద్యశాల ఉండాలన్న లెక్కతో వీటిని విస్తరించారు. నర్సింగు చదివి ప్రత్యేక శిక్షణ పొందిన సామాజిక ఆరోగ్య అధికారి, ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు ఇక్కడి సిబ్బంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యుడే నిర్ణీత దినాలలో పల్లెకు వచ్చి రోగులను చూడాలన్న ఆశయంతో 2023 ఏప్రిల్ 6న రాష్ట్ర ప్రభుత్వం ఫ్యామిలీ డాక్టర్ విధానాన్ని ప్రారంభించింది.

ఈ వ్యవస్థలో గృహస్థులు తెలుసుకోవలసిన సౌకర్యాలు రెండు ఉన్నాయి. మొదటిది దూరవైద్యం. 2019 నవంబరులో ఆరంభమైన ఈ-సంజీవని ద్వారా పల్లె వైద్యశాలలో కూర్చొనే దూరాన ఉన్న వైద్యునితో మాట్లాడవచ్చు. 2020 మార్చి 25న దూరవైద్యానికి దేశమంతటికీ నియమావళి వెలువడింది. తరువాత కొద్ది వారాలలోనే ఆయుర్వేదాది వైద్యులకు కూడా అటువంటి మార్గదర్శకాలు వచ్చాయి. రెండవది ఆభా అనే 14 అంకెల ఆరోగ్య సంఖ్య. రోగి చరిత్రను ఒక వైద్యుని నుండి మరొకరికి అందించేందుకు 2021లో దీనిని దేశవ్యాప్తం చేశారు. రక్తపోటుకు నందిగామలో ఒకరిని, మోకాళ్ల నొప్పులకు జగ్గయ్యపేటలో మరొకరిని, మధుమేహానికి విజయవాడలో ఇంకొకరిని సంప్రదించే పెద్దవారు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. ఒకరు రాసిన మందు మరొకరికి తెలియకపోవడమే వారికి పెద్ద ప్రమాదం. ఆ సంఖ్య ఉన్నా లేకపోయినా, పాత చీటీలన్నీ ఒక సంచిలో భద్రపరచి, తాను వాడుతున్న చూర్ణాలు, లేహ్యాలు సహా అన్నీ వైద్యునికి చూపడం రోగి విధి.

అతిసారం: నీరు పోతే ప్రాణం పోయినట్లే

2024 జూన్‌లో జగ్గయ్యపేట, వత్సవాయి మండలాల గ్రామాలలో అతిసారం ప్రబలి ప్రజలు భయాందోళనలకు గురయ్యారు. ఎండలు ముగిసి తొలకరి పడే వేళ, పగిలిన గొట్టాలలోకి మురుగు చేరి తాగునీరు కలుషితం కావడం మన పల్లెలకు కొత్త కాదు. ఈ వ్యాధిలో ప్రాణం తీసేది విరేచనం కాదు; విరేచనంతో పాటు శరీరం కోల్పోయే నీరు, లవణాలు.

ఈ విషయంలో ఆయుర్వేద గ్రంథాలు చెప్పినదానికి, నేటి వైద్యం చెప్పేదానికి చక్కని సామ్యం ఉన్నది. ఆమదోషంతో కూడిన అతిసారాన్ని తొలి దశలోనే స్తంభన ఔషధాలతో నిలిపివేయరాదని చరకుడు చికిత్సాస్థానంలో స్పష్టం చేశాడు. లోపలి దోషం బయటికి పోకుండా బంధిస్తే ఇతర ఉపద్రవాలు పుడతాయని ఆయన భావం. నేటి వైద్యులు కూడా పసిపిల్లలకు విరేచనాలను ఒక్కసారిగా కట్టివేసే మాత్రలు ఇవ్వరాదనే అంటారు. కనుక మారేడు పిందె, దానిమ్మ తొక్క కషాయం, కొడిసెపాల వంటి వాటిని ఎప్పుడు, ఎంత వాడాలో వైద్యుడే నిర్ణయించాలి. మొదటి గంటలోనే మనంతట మనం వాడే వస్తువులు కావవి.

మొదటి గంటలో కావలసినది ఓ.ఆర్.ఎస్. నీరు. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరాలలో కలరా విజృంభించినప్పుడు, సెలైను సీసాలు చాలక, డాక్టర్ దిలీప్ మహలనబిస్ బనగావ్‌లో ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని పీపాలలో నింపి తాగించారు. అంతకు ముందు నూటికి ముప్పై మంది మరణిస్తున్న చోట మరణాలు నూటికి నాలుగు లోపునకు తగ్గాయి. పేగు గోడలలో గ్లూకోజు, సోడియం రెండూ జంటగా లోనికి పోతాయి. వాటి వెంట నీరు పోతుంది. ఎంత విరేచనమవుతున్నా ఈ ద్వారం మూసుకుపోదు. ఆ కిటుకే ఈ మందుకు ప్రాణం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, సిట్రేటు 2.9 గ్రాములు ఉంటాయి. పాకెట్టు మీద ముద్రించిన కొలత ప్రకారమే నీటిలో మొత్తం పొడిని ఒక్కసారే కలపాలి. సగం పొడి గ్లాసులో వేసి, మిగిలినది మడిచి పెట్టడం తప్పు. కలిపిన నీరు 24 గంటలు దాటితే పారబోయాలి. పాకెట్టు దొరకని సమయంలో లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చదును టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి తాగించవచ్చు. ఉప్పు ఎక్కువైతే హాని. కన్నీటి కంటె ఉప్పగా ఉండకూడదని పెద్దలు చెప్పిన గురుతు గుర్తుంచుకోండి. రెండేళ్ల లోపు పిల్లలకు ప్రతి విరేచనం తరువాత 50 నుండి 100 మిల్లీలీటర్లు, అంతకు పైబడిన పిల్లలకు 100 నుండి 200 మిల్లీలీటర్లు చెంచాతో నెమ్మదిగా పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి.

దీనికి తోడు జింకు మాత్ర. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుండి ఆరు నెలల బిడ్డకు 10 మిల్లీగ్రాములు, విరేచనాలు తగ్గినా సరే 14 రోజులు ఇవ్వాలి. వ్యాధి తీవ్రత తగ్గి, తరువాతి నెలల్లో మళ్లీ రాకుండా ఇది కాపాడుతుంది. ఈ మాత్ర పల్లె వైద్యశాలలో ఉచితంగా దొరుకుతుంది.

ఇక మన ఇంటి పథ్యం సంగతి. బియ్యపు గంజి, పలుచని మజ్జిగ, సగ్గుబియ్యం జావ, కొబ్బరి నీరు అన్నీ మంచివే. ఇవి ఓ.ఆర్.ఎస్.కు తోడు మాత్రమే, బదులు కావు. లంఖణం పరమౌషధమన్న మాట పసిపిల్లల విరేచనాలకు వర్తించదు. తల్లిపాలు ఏ మాత్రం ఆపకూడదు. తినగలిగిన బిడ్డకు మెత్తని అన్నం పెట్టాలి. కళ్లు లోతుకు పోవడం, పొట్ట మీది చర్మాన్ని గిల్లి వదిలితే వెంటనే సర్దుకోకపోవడం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, బిడ్డ మగతగా పడి ఉండడం, విరేచనంలో నెత్తురు పడడం వంటి లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా ఇంటి వైద్యం అక్కడితో ఆపి వైద్యశాలకు తీసుకుపోవాలి.

నీటి విషయంలో ఒక లెక్క. వెయ్యి లీటర్ల తాగునీటికి మంచి బ్లీచింగు పొడి 2.5 గ్రాములు చాలు. కలిపిన గంట తరువాత వాడుకోవాలి. పొడి డబ్బా మూత తీసి ఉంచితే అందులోని క్లోరిను ఎగిరిపోతుంది, ఎంత కలిపినా ఫలితం ఉండదు. అనుమానం ఉన్న రోజుల్లో నీటిని తెర్లేలా మరిగించి తాగడం ఇంటిల్లిపాదికీ రక్ష.

పేరు చూసి మోసపోవద్దు

నగరాలలోను, పట్టణాలలోను మందుల దుకాణాల ముందు వరుసలో పెట్టిన తియ్యని పానీయాల డబ్బాల మీద ఓ.ఆర్.ఎస్. అన్న మూడు అక్షరాలు ఏళ్ల తరబడి కనిపిస్తూ వచ్చాయి. వాటిలో చక్కెర మోతాదు అసలు సూత్రానికి ఎన్నో రెట్లు. ఎక్కువ చక్కెర పేగులోకి నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఈ మోసంపై ఏళ్ల తరబడి పోరాడారు. ఫలితంగా 2025 అక్టోబరు 14న ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, అసలు సూత్రాన్ని పాటించని పానీయాలకు ఆ పేరు ఏ రూపంలోనూ వాడరాదని ఆదేశించింది. ఒక వైద్యురాలి పట్టుదల దేశమంతటి తల్లులకు మేలు చేసింది. ఇకపై మీరు కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రమని పాకెట్టు మీద ఉన్నదో లేదో చూసి తీసుకోండి.

అదే 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు మందు వల్ల పసిబిడ్డలు మరణించిన విషాదం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ తరువాత రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయరాదని, అయిదేళ్ల లోపు వారికి సాధారణంగా తగవని కేంద్ర ఆరోగ్య శాఖ వైద్యులకు సూచించింది. ఇటువంటి చోట మన తులసి, అల్లం రసం, గోరువెచ్చని నీరు ఉపయోగపడతాయి. అయితే ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించడం మానాలి. తేనెలో ఉండగల ఒక సూక్ష్మక్రిమి బీజాలు పసిపేగులలో మొలకెత్తి కండరాలను చచ్చుబడజేస్తాయి. పుట్టగానే తేనె రుచి చూపించే ఆచారం ఉన్న ఇళ్లవారు ఈ విషయం తప్పక గమనించాలి.

పాముకాటు: కట్టు వద్దు, కాలయాపన వద్దు

మిరప కోతలకు, పత్తి ఏరడానికి చేలలోకి వెళ్లేవారికి, రాత్రి పైరుకు నీరు పెట్టే రైతుకు పాముభయం నిత్యం. మున్నేరు, పాలేరు పొంగిన రోజుల్లో పాములు ఇళ్లలోకే వస్తాయి. మన దేశంలో 2001 నుండి 2014 వరకు జరిగిన మరణాల అధ్యయనం ఒకటి, ఏటా సుమారు 58,000 మంది పాముకాటుతో మరణిస్తున్నారని లెక్కగట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మరణాలు అధికంగా ఉన్న రాష్ట్రాలలో ఒకటి. ఈ మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని 2024 మార్చిలో కేంద్రం జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. అదే ఏడాది నవంబరులో పాముకాటును తప్పనిసరిగా నమోదు చేయవలసిన విషయంగా ప్రకటించమని రాష్ట్రాలను కోరింది. అంటే ప్రభుత్వ, ప్రైవేటు వైద్యశాల ఏదైనా, వచ్చిన ప్రతి కాటును, ప్రతి మరణాన్ని పై అధికారులకు తెలపాలన్నది దాని ఉద్దేశం. లెక్క తెలిస్తేనే ఏ కేంద్రంలో ఎన్ని మందు సీసాలు ఉంచాలో తెలుస్తుంది.

సుశ్రుతుడు కల్పస్థానంలో కాటుకు నాలుగు అంగుళాల పైన గుడ్డతో బిగించి కట్టమన్నాడు. ఆనాటికి విషానికి విరుగుడు సూది లేదు. ఉన్న ఉపాయాలలో అది ఒకటి. నేడు అది విడిచిపెట్టవలసిన పద్ధతి. రక్తపింజర విషం పడిన చోట కండను కుళ్లబెడుతుంది. గట్టిగా కడితే ఆ విషమంతా ఒకే చోట నిలిచి, రక్తం ఆడక అవయవమే పోవచ్చు. కట్టు విప్పిన క్షణంలో విషం ఒక్కసారిగా గుండెకు చేరవచ్చు. కోయడం, నోటితో పీల్చడం, నిప్పుతో కాల్చడం, కోడిపిల్లను అంటించడం, మిరియాలు నమిలించి రుచి అడుగుతూ కూర్చోవడం వంటివి ఏవీ విషాన్ని తీయవు. గంటలను మాత్రం తినివేస్తాయి.

చేయవలసినది ఇదే. రోగికి ధైర్యం చెప్పాలి. నడవనీయరాదు. కరచిన కాలిని లేదా చేతిని విరిగిన ఎముకకు కట్టినట్లు బద్దతో వదులుగా కట్టి కదలకుండా ఉంచాలి. ఉంగరాలు, కడియాలు, మెట్టెలు వాపు రాకముందే తీసివేయాలి. వాంతి అవుతుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. 108కి పిలుపు ఇచ్చి, ఆలస్యమయ్యేట్లుంటే దొరికిన వాహనంలో దగ్గరి ఆసుపత్రికి చేర్చాలి. పామును చంపి తీసుకురానవసరం లేదు. మన దేశంలో తయారయ్యే విరుగుడు సూది నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగు పాముల విషానికీ కలిపి చేసినది.

కట్లపాము గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది రాత్రివేళ నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు మొదలై, ఆపైన రెప్పలు వాలిపోతాయి. అజీర్తి అనుకొని వాము నీళ్లు తాగించి ఊరుకుంటే ఊపిరి ఆగిపోతుంది. నేల మీద నిద్రించినవారికి కారణం లేని కడుపునొప్పితో పాటు రెప్పలు బరువెక్కితే పాముకాటును అనుమానించాలి. మంచం మీద, దోమతెర చుట్టూ చెక్కుకొని పడుకోవడం ఈ సీమలో అత్యంత చవకైన రక్షణ.

ఇక వైద్యశాలల విషయం. పెద్ద యంత్రాలు లేని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూడా పింజర విషాన్ని గుర్తించే పరీక్ష ఒకటి ఉన్నది. శుభ్రమైన, పొడి గాజు నాళికలో రోగి రక్తం 2 మిల్లీలీటర్లు తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఆపైన ఒక్కసారి వంచి చూస్తారు. గడ్డకట్టకుండా పారితే విషం రక్తానికి ఎక్కిందని అర్థం. విరుగుడు సూది వెంటనే ప్రారంభించాలి. ప్లాస్టిక్ నాళిక వాడితే ఫలితం తప్పుతుంది. మందు మోతాదు పెద్దవారికి, పిల్లలకు సమానమే. పాము చిన్నపిల్లను కరచినంత మాత్రాన విషం తక్కువ ఎక్కించదు కదా. మందు పడక ఒళ్లు దద్దురులెక్కి ఊపిరి అందకపోతే వెంటనే ఇవ్వడానికి అడ్రినలిన్ సూది పక్కనే సిద్ధంగా ఉండాలి. లక్షణాలు లేకపోయినా రోగిని 24 గంటలు కనిపెట్టి ఉండాలి.

పొడి రూపంలో ఉన్న విరుగుడు సూదికి శీతలపేటిక అవసరం లేదు. కనుక విద్యుత్తు సరిగా లేని చోట కూడా దానిని నిలువ ఉంచవచ్చు. ఇది ఈ ప్రాంతానికి ఎంత ముఖ్యమో రెండు వరదలు నేర్పాయి. 2023 జూలై చివర మున్నేరు పొంగి నందిగామ వద్ద ఐతవరంలో జాతీయ రహదారి మునిగి, హైదరాబాదు–విజయవాడ రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు మొదట పాలేరు ఉద్ధృతికి జగ్గయ్యపేట సమీపాన గరికపాడు వద్ద వంతెన దెబ్బతిన్నది. అటువంటి రాత్రి విజయవాడ పెద్దాసుపత్రి ఎంత గొప్పదైనా అందుబాటులో ఉండదు. వానాకాలానికి ముందే ప్రతి కేంద్రంలో మందు సీసాల లెక్క, గడువు తేదీ చూసుకోవడం వైద్యాధికారుల కర్తవ్యం. మీ ఊరికి దగ్గరలో విరుగుడు సూది ఏ ఆసుపత్రిలో రాత్రివేళ కూడా దొరుకుతుందో ముందే విచారించి ఉంచుకోవడం గృహస్థుల కర్తవ్యం.

ఈశ్వరి వేరు, మూత్రపిండాలు

పాముకాటుకు మన పల్లెలలో ఈశ్వరి వేరు పసరు తాగించే అలవాటు ఉన్నది. దాని జాతికే చెందిన గాడిదగడప ఆకును కడుపులో పురుగులకు, చర్మవ్యాధులకు వాడతారు. ఈ రెండింటిలోను అరిస్టోలోకిక్ ఆమ్లమనే పదార్థం ఉంటుంది. అది మూత్రపిండాలను ఎండగట్టి, మూత్రనాళాలలో క్యాన్సరు పుట్టిస్తుందని రుజువైనది. 1990ల ఆరంభంలో బెల్జియంలో బరువు తగ్గడానికి ఇచ్చిన మూలికా మందులో ఈ జాతి వేరు పొరపాటున చేరి, వందకు పైగా స్త్రీల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ మొక్కలను మానవులకు క్యాన్సరు కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. మొక్కలన్నీ నిరపాయమనే భ్రమకు ఇంతకన్న ఎదురు సాక్ష్యం అక్కరలేదు. నాభి, జీడిగింజ వంటి విషద్రవ్యాలను శుద్ధి చేయకుండా వాడరాదని మన పూర్వులే హెచ్చరించారు. ఈశ్వరి, గాడిదగడప విషయంలో నేటి మాట ఇంకా సూటి. లోపలికి వాడవద్దు.

ఈ హెచ్చరిక మెట్ట ప్రాంతానికి మరీ అవసరం. ఇదే జిల్లాలోని ఎ.కొండూరు మండలపు తండాలలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఎన్నో ఏళ్లుగా కుటుంబాలను కుంగదీస్తున్నది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో వలెనే ఇక్కడ కూడా ఇదే కారణమని ఒక్కదానిని శాస్త్రజ్ఞులు తేల్చలేదు. కారణం ఏదైనా, దెబ్బతిన్న మూత్రపిండానికి మరింత హాని చేసేవి మాత్రం తెలిసినవే. నడుము నొప్పికి, కీళ్ల నొప్పికి రోజూ మింగే నొప్పి మాత్రలు, మండుటెండలో నీరు తాగకుండా చేసే కష్టం, అదుపు తప్పిన రక్తపోటు, మధుమేహం, ఎవరు చేశారో తెలియని భస్మాలు. మూత్రపిండాలు సగానికి పైగా చెడిపోయేదాకా రోగికి ఏమీ తెలియదు. కాబట్టి నలభై దాటినవారు, ఇంట్లో ఈ వ్యాధి ఉన్నవారు ఏడాదికొకసారి రక్తపోటు, రక్తంలో క్రియాటినిను, మూత్రంలో ఆల్బుమిను పరీక్షించుకోవాలి. కొండపిండి, పల్లేరు కషాయాలు మూత్రం సాఫీగా రావడానికి వాడే మందులు. క్రియాటినిను పెరిగిన తరువాత వాటిని సొంతంగా వాడరాదు. వైద్యునికి చెప్పి తీరాలి.

కుక్కకాటు

సుశ్రుతుడు పిచ్చికుక్క విషాన్ని వర్ణిస్తూ, రోగికి నీటిని చూస్తే భయం పుట్టినదంటే ఇక బతకడని చెప్పాడు. రెండు వేల ఏళ్ల తరువాత కూడా ఆ మాట సత్యమే. లక్షణాలు కనిపించాక మందు లేదు. కనిపించకముందు మాత్రం నూటికి నూరుపాళ్లు రక్షణ ఉన్నది. కరచిన వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు, ఆకుపసరు పెట్టరాదు. అవి గాయాన్ని రేపి క్రిమిని లోనికి నెడతాయి. గాయానికి కుట్లు వేయించరాదు.

బొడ్డు చుట్టూ సూదులన్న భయం పాతది. ఇప్పుడు ప్రభుత్వ వైద్యశాలల్లో టీకాను చేతి చర్మంలో నాలుగు పర్యాయాలు ఇస్తారు. మొదటి రోజు, ఆపైన 3వ, 7వ, 28వ రోజులు. నెత్తురు వచ్చిన కాటుకు టీకాతో పాటు గాయంలోనే ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ సూది కూడా కావాలి. దీనిని చాలామంది అడగరు, అడగాలి. నాటుమందు మింగి పథ్యం ఉంటే చాలుననే మాట నమ్మి టీకా మానినవారు ప్రాణంతో పందెం ఆడినట్లే.

ఆయుర్వేద వైద్యుల చికిత్సాలయాలకు నాలుగు మాటలు

ఈ ప్రాంతంలో ఎందరో ఆయుర్వేద వైద్యులు చిన్న చికిత్సాలయాలు నడుపుతున్నారు. విజయవాడలోని డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల తరతరాలుగా మనకు వైద్యులను అందించింది. వారు రోగుల మన్నన నిలుపుకోవాలంటే ఈ కాలపు క్రమశిక్షణ కొంత అలవరచుకోవాలి.

మొదటిది, ప్రతి రోగికి ఒక నమోదు పత్రం. అతడు వాడుతున్న ఇతర మందులు అందులో రాయాలి. రక్తం పలుచబడే మాత్రలు, మధుమేహపు మందులు వాడేవారికి మన ఔషధాలు కలిస్తే మోతాదులు మారవచ్చు. రెండవది, మందు కొనుగోలులో జాగ్రత్త. తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, గడువు తేదీ లేని పొట్లం లోనికి రానీయరాదు. మూలికలతో మాత్రమే చేసిన ఔషధంలో సీసం మిలియనుకు 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1 పాలకు మించరాదని ప్రమాణం. మందుల చట్టంలో విషద్రవ్యాల పట్టికలో ఉన్నవాటితో చేసిన ఔషధం మీద వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ముద్రించి ఉండాలి. మూడవది, మందు పడక హాని కలిగితే దాచరాదు. ఆయుష్ ఔషధాల భద్రతా నమోదు వ్యవస్థకు తెలపాలి. తెలిపినవాడు దోషి కాడు. రేపటి రోగికి ఉపకారి. నాలుగవది, పై ఆసుపత్రికి పంపేటప్పుడు చీటీలో వచ్చిన సమయం, కనిపించిన లక్షణాలు, ఇచ్చిన మందు, పంపిన సమయం స్పష్టంగా రాయాలి. పాముకాటు రోగి చేతిలోని ఆ నాలుగు పంక్తులు అక్కడి వైద్యునికి అరగంట ఆదా చేస్తాయి.

సాధ్యం, కష్టసాధ్యం, యాప్యం, అసాధ్యం అని రోగాలను ముందుగా విభజించుకోమన్నది మన శాస్త్రమే. తన చేతికి లొంగని రోగాన్ని గుర్తించి తగినవారి వద్దకు పంపడం వైద్యునికి చిన్నతనం కాదు. అది శాస్త్రం తెలిసినవాని లక్షణం.

ఇంటిలో ఉంచుకోవలసినవి

ఓ.ఆర్.ఎస్. పాకెట్లు నాలుగు, జింకు మాత్రల పట్టీ ఒకటి, జ్వరమాని ఒకటి, శుభ్రమైన గుడ్డ, సబ్బు. వీటి పక్కనే శొంఠి, వాము, మిరియాలు, పసుపు, కరక్కాయ, ఉసిరిక పొడి. 108తో పాటు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి, ఊరి ఆశా కార్యకర్త ఫోను సంఖ్యలు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. రాత్రివేళ వాహనం ఇవ్వగల ఇరుగుపొరుగువారి సంఖ్య కూడా అక్కడే ఉండాలి.

జలుబు, అజీర్తి, మలబద్ధం, కాలి పగుళ్లు, నిద్రలేమి వంటివాటికి పెరటి వైద్యం నిండు నూరేళ్లు నిలుస్తుంది. మూడు రోజులు దాటిన జ్వరం, నీరసింపజేసే విరేచనం, ఛాతీలో నొప్పి, పాముకాటు, కుక్కకాటు వచ్చినప్పుడు మాత్రం పెరటి వైపు కాక వీధి వైపు అడుగు పడాలి. వేదాద్రి నారసింహునికి మొక్కు కట్టుకున్నవారు కూడా రోగిని వాహనం ఎక్కించి, దారిలోనే ఆ మొక్కు మనసులో అనుకోవచ్చు. స్వామికి అది ఆలస్యం కాదు. రోగికి మాత్రం ప్రతి నిమిషమూ విలువైనదే.